ఎవరి చేతిలో నల్లబడాలి

తలుపు తీసిన మేనకోడలికి ముందు కనిపించింది మనిషి కాదు, గుండెలకు హత్తుకున్న గుడ్డల మూట. ఆ మూట వెనక ముప్పై ఏళ్లు నిండని ఒకావిడ నిలబడి ఉంది. కాళ్లకున్న చెప్పులు వేర్వేరు జతలవి. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

“సందేహాలమ్మగారి ఇల్లు ఇదేనాండీ?”

“ఇదే. లోపలికి రండి.”

సందేహాలమ్మ అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ గుర్తులేదు. ఎవరేం చెప్పినా “నాకో చిన్న సందేహం” అని మొదలుపెట్టడం ఆవిడ అలవాటు. ఆ చిన్న సందేహాలతోనే మాయమైన నగల్ని, మారుపేర్లతో తిరిగే మొగుళ్లని ఎందరినో బయటికి లాగింది. మేనకోడలు ఆమెకు సహాయకురాలు. కాలేజీలో రసాయన శాస్త్రం చదివింది, పరీక్ష రాసి బయటికి రాగానే మరిచిపోయింది. అత్తయ్య బుర్ర మీద మాత్రం ఆమెకు అంతులేని నమ్మకం.

వచ్చినావిడ కుర్చీ అంచున కూర్చుంది. మంచినీళ్ల గ్లాసు అందించబోతే ఉలిక్కిపడి చేతులు వెనక్కి తీసుకుంది.

“వద్దండీ. గ్లాసు పట్టుకోలేను.”

సందేహాలమ్మ గ్లాసును కనబడకుండా పక్కకు జరిపించింది. “ఏం జరిగిందో మొదటినుంచీ చెప్పమ్మా.”

“రేపు సాయంత్రం నన్ను పుట్టింటికి పంపించేస్తున్నారండీ. నాలుగేళ్ల పాప ఉంది నాకు. దాన్ని ఇవ్వరట. విషం పెట్టే చేతుల్లో పిల్లనెలా పెడతాం అన్నారు.”

వాళ్లది పెద్ద లాండ్రీ. కింద బట్టలు ఉడికించే గది, గంజి తొట్లు, ఇస్త్రీ బల్లలు, పైన కాపురం. మామగారు మెట్ల మీద జారిపడి తుంటి విరిగి మంచాన ఉన్నారు. ఆ పెద్దాయన సేవలో కూడా ఒక పద్ధతి పెట్టాడు. మధ్యాహ్నం మందు సీసాలోంచి గ్లాసులోకి పోసేది కొడుకు. అందులో నీళ్లు కలిపి పైకి తెచ్చేది కూతురు. మంచం దగ్గర కూర్చుని పట్టించేది కోడలు. నేనొక్కదాన్నే చేశాననీ, నేనొక్కడినే చేశాననీ రేపు ఎవరూ దెప్పకూడదని ఆయన ఉద్దేశం.

“నాలుగు రోజుల కిందట మావయ్యగారు అందర్నీ పిలిచారు. షాపు తాళాలు ఎవరికిచ్చేదీ ఇవాళ చెప్తానన్నారు. వదినగారు మందు తీసుకుని గుమ్మంలోకొచ్చారు. నేను లేచి వెళ్లి అందుకున్నాను. మామూలు నీళ్లలాగే ఉంది. మంచం దగ్గరికి తెచ్చి, ఆయన నోటి దగ్గర పెట్టబోతుండగా…” ఆమె మూటను ఇంకా గట్టిగా హత్తుకుంది. “నల్లబడిపోయిందండీ. నెమ్మదిగా కాదు. రెప్ప వేసి తీసేలోగా. సిరా బుడ్డిలా. నా చేతిలో.”

మేనకోడలు తన అరచేతి వైపు చూసుకుంది.

“మావయ్యగారు కేకపెట్టి గ్లాసు తోసేశారు. పక్క మీద పడింది. వదినగారు ‘విషం, విషం’ అని అరిచారు. మా ఆయన గోడకి ఆనుకుని అలాగే నిలబడిపోయారు.”

“మీ వదినగారికీ నీకూ పడదా?”

“మొగుడితో పడక వచ్చేసినప్పట్నుంచీ ఇక్కడే ఉంటున్నారు. కింద షాపంతా ఆవిడ చేతి మీదే నడుస్తుంది. నా పనేదీ ఆవిడకి నచ్చదు. నేను మడిచిన చీరని విప్పి మళ్లీ మడుస్తారు.” అంత ఏడుపులోనూ ఆమె మాటలో ఉక్రోషం తొంగిచూసింది. “ఆ వేళ నా మీద దయ చూపించింది మా ఆయనొక్కరేనండీ. నేను గ్లాసందుకోవడానికి లేస్తుంటే, ‘నువ్వు కూర్చో, ఇవాళ అక్కే పట్టిస్తుందిలే’ అన్నారు. పెళ్లయ్యాక నన్ను కూర్చోమనడం అదే మొదలు. అలవాటుకొద్దీ నేనే లేచాను. కూర్చుని ఉంటే ఈ నింద నాకు వచ్చేది కాదు.”

సందేహాలమ్మ మూట విప్పమని సైగ చేసింది. గంజి పెట్టిన తెల్లటి దుప్పటి, మధ్యలో చెయ్యంత నీలి నలుపు మరక. ఆమె దాన్ని వాసన చూసింది. “అమ్మాయ్, నీ పర్సులో జలుబుకి చప్పరించే విటమిన్ సి పుల్ల బిళ్ళలు ఉండాలే?”

మేనకోడలు ఒక బిళ్ళను పొడి చేసి నీళ్లలో కలిపి ఇచ్చింది. ఒక్క చుక్క పడగానే మరక మధ్యలో తెల్లటి గుండ్రం తేలింది.

“అయోడిన్. గాయాలకి రాసే మందు. గంజి తగిలితే ఇలా నీలంగా నల్లబడుతుంది. పుల్ల బిళ్ళ దాని రంగు తినేస్తుంది.”

“అది మా ఇంట్లో అందరికీ తెలుసండీ,” అంది కోడలు బిత్తరపోతూ. “ఆసుపత్రి దుప్పట్లు వస్తాయి మాకు. వాటి మరకలు అలాగే తీస్తాం. కానీ గ్లాసులో కనబడితే మరక అని ఎవరనుకుంటారు? అయినా వదినగారు అనేశారు, అయోడినైనా కడుపులోకి పోతే విషమేగా, చేతిలో దాచి వేసిందీ అని. ఆవిడిచ్చేటప్పుడు నీళ్లు తేటగానే ఉన్నాయి మరి. అందరూ చూశారు.”

“నాకో చిన్న సందేహం. మీ పాప కూడా ఈ బిళ్ళలు చప్పరిస్తుందా?”

“అవునండీ. ఈ మధ్య సీసా ఊరికే ఖాళీ అయిపోయింది. దాన్నే కోప్పడ్డాను కూడా. మీకెలా తెలుసు?”

*

ఆమెను పంపించేశాక సందేహాలమ్మ వంటింట్లోకి వెళ్లి గ్లాసులన్నీ బోర్లించడం మొదలుపెట్టింది.

“అత్తయ్యా, ఆవిడ చేతిలో నల్లబడిందంటే ఆవిడే కదా కలిపి ఉండాలి?”

“కలిపిన క్షణమూ, నల్లబడిన క్షణమూ ఒకటేనని నీకెవరు చెప్పారే? నువ్వు చదివిన చదువులో రేటు అని ఒకటుండాలి.”

“కూరగాయల రేటు తప్ప అన్నీ మరిచిపోయాను.”

“ఎంతసేపట్లో ఎంత మారింది అన్నదే రేటు. కంటితో చూసి ‘తొందరగా అయింది, ఆలస్యంగా అయింది’ అంటే కుదరదు. ఏదో ఒకటి కొలవాలి. గాలి పుట్టేదైతే ఎంత గాలొచ్చిందో చూస్తారు. గాలి పోయి బరువు తగ్గేదైతే త్రాసులో పెడతారు. రంగు మారేదైతే గడియారం దగ్గర పెట్టుకుని కూర్చుంటారు. మనం కూర్చుందాం.”

ఒక గ్లాసులో అయోడిన్ చుక్కలు వేసి, బిళ్ళ పొడి కలిపింది. ఎర్రటి రంగు విరిగిపోయి తేట నీళ్లయ్యాయి. మరో గ్లాసులో పల్చటి గంజి తేట, అందులో బట్టల మరకలు తెలుపుచేసే పెరాక్సైడ్. రెండింటికీ రంగు లేదు. ఒకదాన్ని మరొకదాంట్లో పోసింది.

ఏమీ కాలేదు. మేనకోడలు మోచేతుల మీద వాలి చూస్తూనే ఉంది. అత్తయ్య లెక్క తప్పిందేమో అనుకుంటుండగా గ్లాసు ఒక్కసారిగా నల్లబడింది. ఆమె కెవ్వుమని వెనక్కి గెంతింది.

“ముందే చెప్పకూడదూ!”

“చెప్తే ఆ పిల్ల పడ్డ అదురు నీకెలా తెలుస్తుంది? లోపల పని కలిపిన క్షణంనుంచీ జరుగుతూనే ఉంది. పెరాక్సైడ్ అయోడిన్‌ని పుట్టిస్తూ ఉంటుంది, బిళ్ళ దాన్ని మింగేస్తూ ఉంటుంది. మింగడానికి బిళ్ళ మిగలని క్షణాన రంగు బయటపడుతుంది. మనకి కనబడేది ఆఖరు మాత్రమే.”

ఈసారి గోరువెచ్చటి నీళ్లతో చేసింది. ముందుకంటే చాలా తొందరగా నల్లబడింది. ఫ్రిజ్ నీళ్లు చేర్చి చేసింది. గడియారం ముల్లు తిరుగుతూనే ఉంది, గ్లాసు తేటగానే ఉంది. మేనకోడలు పోయి గిన్నెలు సర్ది వచ్చాక గాని నల్లబడలేదు.

“వేడిమీద అణువులు జోరుగా గుద్దుకుంటాయి, పని తొందరగా అయిపోతుంది. చల్లబడితే నిదానిస్తాయి. నీళ్లు ఎక్కువ పోసి పల్చన చేస్తే ఒకదానికొకటి ఎదురుపడటమే తగ్గిపోతుంది. ఇప్పుడు మనం కనుక్కోవలసింది ఎవరు కలిపారన్నది కాదు.”

“మరి?”

“ఎవరి చేతిలో నల్లబడాలని కలిపారు అని.”

*

లాండ్రీలో అడుగుపెట్టగానే ఆవిరి ముఖానికి తడిగుడ్డలా తగిలింది. బాయిలర్ పక్కన ఇస్త్రీ ఆవిడ స్టీలు గ్లాసుతో నీళ్లు తాగుతోంది. నిండైన మనిషి, నోరు కూడా నిండైనదే.

“ఈ గ్లాసు పైనింటిది కాదూ?” అంది సందేహాలమ్మ, గ్లాసు మీద చెక్కిన అక్షరాలు చూసి.

“అవునమ్మగారూ. పెద్దయ్యగారు మందు తాగే గ్లాసు. చిన్నయ్యగారే తెచ్చిచ్చారు, ‘నువ్విక దీంట్లో తాగు’ అని. ఇన్నేళ్లకి నా మీద ఇంత ప్రేమ పుట్టుకొచ్చిందేమిటా అనుకున్నాను.”

“ఆయన సరదా మనిషా?”

“ముందు కాదు. ఈ మధ్యే!” ఆవిడ పకపకా నవ్వింది. “వాళ్లక్కకి మోకాలు నొప్పి కదమ్మా, మెట్లెక్కుతూ మలుపులో ఆగి ఆయాసం తీర్చుకుంటుంది. ఈయన చేతిలో గ్లాసు పట్టుకుని అచ్చం అలాగే ఎక్కేవాడు. కుంటుకుంటూ, మలుపులో ఆగుతూ. ఒకసారి కాదు, ఎన్నిసార్లో. నవ్వలేక చచ్చాం. నన్ను చూసి, ‘అక్కతో చెప్పకే, చంపేస్తుంది’ అన్నాడు.”

మేనకోడలు కూడా నవ్వేసింది. అత్తయ్య ముఖం చూసి నవ్వు ఆపుకుంది.

కూతురు గంజి తొట్టి దగ్గర చేతులు తుడుచుకుంటూ వచ్చింది. నలభై దాటిన మనిషి. మాట ఇస్త్రీ మడతలా పదునుగా ఉంది.

“మా మరదలు మిమ్మల్ని పిలుచుకొచ్చిందా? డిటెక్టివ్‌ని పెట్టుకునే తెలివి ఉందన్నమాట. నీళ్లు నేను కలిపాను, తేటగా ఇచ్చాను. అంతే నాకు తెలుసు.”

“ఏ నీళ్లమ్మా?”

“రోజూ ఫ్లాస్కులో గోరువెచ్చనివే. తమ్ముడు భోజనానికి పైకెళ్తూ ఇక్కడ బాయిలర్ దగ్గర నింపి పెడతాడు. ఆ రోజు మాత్రం సగం ఫ్లాస్కువి, సగం ఇక్కడి ఫ్రిజ్‌వి పోశాను. పొద్దున పక్క సర్దుతుంటే నాన్న అన్నారు, నోరు మండుతోందే, చల్లగా ఇవ్వు అని.”

“ఆ మాట ఇంకెవరైనా విన్నారా?”

“గదిలో మేమిద్దరమే. చల్లనీళ్లు పోస్తే తప్పా?”

“తప్పు కాదమ్మా. అదే మిమ్మల్ని కాపాడింది.”

ఆమెకు అర్థం కాలేదు.

కొడుకు మాత్రం మర్యాదగా కుర్చీలు వేశాడు. నిద్ర లేక కళ్లు ఎర్రబడి ఉన్నాయి. “నా భార్య అలాంటిది కాదండీ,” అన్నాడు. “కానీ అందరి కళ్లముందూ జరిగింది. నేనేం చెయ్యను?”

“మందు గాజు గ్లాసులో పోశారట?”

“స్టీలుది కనబడలేదండీ.”

సందేహాలమ్మ తలూపింది. “రేపు మధ్యాహ్నం అందరూ మీ నాన్నగారి గదిలో ఉండండి.”

*

మర్నాడు పెద్దాయన మూడు దిళ్లకు ఆనుకుని కూర్చున్నాడు. దిండు పక్కన తాళాల గుత్తి. కోడలు మంచం కాళ్ల దగ్గర నేల చూపులు చూస్తూ నిలబడింది. ఆమె పెట్టె గుమ్మం దగ్గర అప్పటికే సర్ది ఉంది. పాప మేనకోడలి ఒళ్లో కూర్చుని, ఆమె ఇచ్చిన పుల్ల బిళ్ళను గుప్పిట్లో పట్టుకుంది. కొడుకు గోడకి ఆనుకున్నాడు.

“కూతురుగారు కింద ఉన్నారు,” అంది సందేహాలమ్మ. “ఆ రోజులాగే మందు కలిపి తెమ్మన్నాను. గ్లాసులో ఉన్నదీ, ఫ్లాస్కులో ఉన్నదీ మా ఇంట్లో నేను తయారుచేసినవి. ఎవరూ తాగక్కర్లేదు. ఒక్కటే తేడా. ఈసారి ఫ్రిజ్ నీళ్లు వద్దన్నాను. ఉత్త ఫ్లాస్కు నీళ్లే.”

కింద మెట్టు మీద అడుగు చప్పుడైంది. మరో అడుగు. కుంటుతున్న నడక.

“అత్త మెట్లెక్కుతోంది,” అంది పాప.

మలుపు దగ్గర చప్పుడు ఆగింది. అప్పుడు మేనకోడలు గది అంతా ఒకసారి చూసింది. అత్తయ్య చెప్పిన పని అదే. పెద్దాయన సందేహాలమ్మను చూస్తున్నాడు. కోడలు నేలను చూస్తోంది. కొడుకు ఒక్కడే గుమ్మాన్ని చూస్తున్నాడు. అతని పెదాలు కదులుతున్నాయి. లెక్కపెడుతున్నాడు.

అడుగులు మళ్లీ మొదలయ్యాయి. గుమ్మంలో కూతురు కనబడింది. గ్లాసు తేటగానే ఉంది. ఒక్క అడుగు లోపలికి వేసింది.

గ్లాసు నల్లబడింది.

ఆమె ఉలిక్కిపడి గ్లాసును దూరంగా జరిపింది. నల్లనీళ్లు మణికట్టు మీదికి ఒలికాయి. “నేనేమీ… నాన్నా, నేనేమీ వెయ్యలేదు! ఒట్టు! నేనేం వెయ్యలేదు!”

“తెలుసమ్మా,” అంది సందేహాలమ్మ. “ఇదే మాట ఐదు రోజుల కిందట మీ మరదలు అంది. మీరు నమ్మలేదు.”

ఆమె మరదలి వైపు చూసింది. గ్లాసు దించడానికి చోటు దొరకనట్టు చేతిలోనే పట్టుకుని, మెల్లగా మంచం పక్క బల్ల దాకా నడిచి, దాని మీద పెట్టింది.

“అసలు లెక్క ఇదీ,” అంది సందేహాలమ్మ. “గ్లాసులో రంగు విరిచిన అయోడిన్, ఫ్లాస్కు నీళ్లలో గంజి తేట, పెరాక్సైడ్. కూతురుగారు ఆ రెండూ కలిపిన క్షణంనుంచి పందెం మొదలు. గోరువెచ్చగా ఉంటే, ఆవిడ ఎక్కే తీరుకి, ఈ గుమ్మంలో అందరూ చూస్తుండగా ఆవిడ చేతిలోనే నల్లబడాలి. తాళాలిచ్చే రోజున తండ్రికి కూతురు విషం తెచ్చినట్టు కనబడాలి. కానీ ఆవిడ సగం ఫ్రిజ్ నీళ్లు పోసింది. చల్లబడి, పల్చబడి పని నిదానించింది. గ్లాసు చేతులు మారాక నల్లబడింది. తగలాల్సినవాళ్లకి తగలక, పక్కవాళ్లకి తగిలింది.”

“నాకే పెట్టారా?” కూతురు తండ్రి వైపు తిరిగింది. “ఎవరు?”

“మీరే చేసుంటారా అని కూడా ఆలోచించాను. మరదలి చేతిదాకా ఆలస్యం కావాలని కావాలనే చల్లనీళ్లు పోశారేమో అని. అలాగైతే ఆ చల్లనీళ్ల మాట నాతో మీ నోటితో మీరే చెప్పరు. పైగా మీ నడకని మీరు నేర్చుకోనక్కర్లేదు. మరొకరు నేర్చుకున్నారు. చేతిలో గ్లాసు పట్టుకుని, కుంటుతూ, మలుపులో ఆగుతూ. చూసినవాళ్లు వెక్కిరింత అనుకున్నారు. అది కొలత. ఎంత వేడిలో, ఎంత కలిపితే, ఎన్నో మెట్టు మీద నల్లబడుతుందో కొలుచుకున్నారు. ఫ్లాస్కు నింపి పెట్టేది ఆయనే. మందు పోసేదీ ఆయనే. రంగు అందరికీ కనబడాలని స్టీలు గ్లాసు మాయం చేసి ఇస్త్రీ ఆవిడకి కానుకిచ్చిందీ ఆయనే. అందరూ ఎదురుచూస్తున్న గ్లాసుని భార్య అందుకోబోతే ‘నువ్వు కూర్చో’ అన్నదీ ఆయనే.”

పెద్దాయన దిళ్ల మీదినుంచి ముందుకు వంగాడు. అందరి చూపులూ గోడ వైపు తిరిగాయి.

కొడుకు జారి కింద కూర్చుండిపోయాడు. “చంపాలని కాదు నాన్నా. నల్లబడితే ఎవరూ తాగరని నాకు తెలుసు. తాళాలు అక్కకిచ్చేస్తావని… నేను నీ కొడుకుని కదా… అక్క మీద నీకు నమ్మకం పోతే చాలనుకున్నాను.” చెయ్యి చాచి భార్య వైపు తిరిగాడు. “నీకని కాదే. ఒట్టు. నీకని పెట్టలేదు. నిన్ను కూర్చోమన్నాను కూడా!”

కోడలు తిరిగి అతన్ని చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు. గ్లాసు నల్లబడిన రోజున దాన్ని కూడా ఇలాగే చూసి ఉంటుందని మేనకోడలికి అనిపించింది.

“కూర్చోమన్నారు,” అంది చివరికి. “దయ అనుకున్నాను. ఊళ్లో కనబడినవాళ్లకల్లా చెప్పుకున్నాను.”

“చెప్పేద్దామనే అనుకున్నానే. రోజూ అనుకున్నాను.”

“నేను పెట్టె సర్దుతుంటే తాళం బిగుసుకుపోయిందని మీరే నూనె రాసి ఇచ్చారు. పాప గౌన్లు పక్కకి తీసి పెట్టారు. అప్పుడు కూడా మీకు తెలుసు.” ఆమె గొంతు హెచ్చలేదు. “వేడికి ఇంతసేపు, చల్లదనానికి అంతసేపు అని గ్లాసుకి లెక్క కట్టారు కదండీ. ‘ఆమె కాదు, నేనే చేశాను’ అని ఒక్క మాట నోట్లోంచి రావడానికి మీకెంతసేపు పట్టేదో, అది కూడా కొలుచుకున్నారా?”

చాచిన చెయ్యిని అతను వెనక్కి తీసుకున్నాడు.

పెద్దాయన దిండు పక్క తడుముకున్నాడు. తాళాలు చేతికి తగలగానే వేడిగా ఉన్నట్టు వదిలేశాడు. అవి నేల మీద పడ్డాయి. వంగి తీసేవాళ్లు లేరు. కూతురు మోకాలు పట్టుకుని మరదలి పక్కన చతికిలబడింది. కాసేపటికి గుమ్మం దగ్గరున్న పెట్టెను దగ్గరికి లాక్కుని, తాళం తీసి, మడత పెట్టిన చీరలను ఒక్కొక్కటే బయట పెట్టసాగింది. విప్పి మళ్లీ మడవలేదు. ఎలా ఉన్నవి అలాగే పెట్టింది.

“ఉండనీ వదినా,” అంది కోడలు. “నేనెక్కడికి వెళ్లాలో, ఎవరితో వెళ్లాలో ఇంకా అనుకోలేదు. వెళ్తే పాపతోనే వెళ్తాను.”

“తీసుకెళ్లమ్మా,” అన్నాడు పెద్దాయన.

ఈ గొడవలో పాప మేనకోడలి ఒళ్లోంచి ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. బల్ల దగ్గర మునివేళ్ల మీద నిలబడి, గుప్పిట్లోని పుల్ల బిళ్ళను నల్లగ్లాసులో పడేసింది. పొడి చెయ్యని బిళ్ళ, అందుకని వెంటనే ఏమీ కాలేదు. అడుగున బుడగలేవో లేచాయి. బిళ్ళ చుట్టూ నలుపు పలచబడింది. ఆ తేట మెల్లగా పైపైకి పాకింది.

గదిలో అందరూ దాన్నే చూస్తున్నారు.

“అమ్మా, చూడు! మళ్లీ మంచినీళ్లయిపోయాయి!” అని చప్పట్లు కొట్టింది పాప. “తాగనా?”

“వద్దు!” అని ఆ ఇంటివాళ్లు నలుగురూ ఒక్కసారే అరిచారు.